నొప్పి తెలియని చెయ్యి

చూలై, మద్రాసు
12 జూన్ 1977

చిరంజీవి కన్యకకు, మీ చిన్నాయన దామోదరం రాసేది.

ఎండ ఇంకా దిగలేదు. కుళాయి దగ్గర వరసలో నిలబడి మీ చిన్నమ్మ బిందెతో మెట్లెక్కేసరికి నా మొదటి పాఠం సగం అయిపోతోంది. కాఫీ లేకుండానే పిల్లల ముందు కూర్చుంటున్నాను. మీ నాన్న మిరపకాయల మండీకి కొత్త బోర్డు పెట్టించాడు. నేను ఆ వీధిలో కనబడితే చాలు, “ఇంకా ఆ పెద్ద ఫిడేలే గీస్తా ఉండావా రా?” అని గుమాస్తాల ముందే అడుగుతాడు. అది ఫిడేలు కాదన్నా, వయోలా, ఫిడేలు కంటే లోతుగా పలుకుతుంది అని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. నేను వాయించే సినిమా స్టూడియోలో మాత్రం ఏం తెలుసు? ఫిడేళ్లవాళ్లకు ముందు వరస, మాకు స్తంభం చాటు.

అసలు సంగతికి వస్తాను. మేడమీది గదిలో ఇప్పుడు నలుగురు నేర్చుకుంటున్నారు. ముగ్గురి సంగతి అలా ఉంచు. నాలుగో పిల్ల పేరు అంజలై. వ్యాసర్పాడి రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ చిన్నస్వామి కూతురు. వాళ్ల స్కూల్లో ఒక టీచరమ్మ ఫిడేలు నేర్పితే, అక్కడినుంచి నా దగ్గరికి వచ్చింది. కన్యకా, ఆ పిల్ల కమాను తీగ మీద పెడితే బరువు పెట్టినట్టుండదు, చెయ్యి తనంతట తానే వాలినట్టుంటుంది. వయోలా భుజం మీద మోస్తున్నట్టుండకూడదు, భుజంలోంచి మొలిచినట్టుండాలి అని నేను మీకందరికీ చెప్పేవాణ్ణి గదా, ఈ పిల్లకు చెప్పనక్కరలేకపోయింది.

నేనూ మారాను. నీ కాలంలో గదమాయించేవాణ్ణి. ఇప్పుడు ఎవర్నీ తప్పు అనను. ముందు పాడమంటాను, పాడినదాన్నే వాయించమంటాను, కొంచెం బాగుంటే బోలెడు పొగుడుతాను. పొగిడితే పిల్లలు ముడి విప్పినట్టు విచ్చుకుంటారు. నీకు ఒక్కొక్క వేలూ పట్టుకుని నేర్పాల్సి వచ్చింది. నువ్వు కష్టజీవివి. ఈ పిల్ల పుట్టుకతోనే తెచ్చుకుంది. తప్పుగా అనుకోకు.

స్టూడియోకు వాద్యగాళ్లను కుదిర్చే వరదరాజులు బొంబాయి వెళ్లొచ్చాడు. నువ్వు వాయించే బృందంలో వయోలా స్థానం ఒకటి ఖాళీ అయిందట. అంజలైను ఒక్కసారి వినమని మీవాళ్లకు చెప్పు. నేను ఇన్నాళ్లు ఎందుకు వాయించానో మీ నాన్నకూ, ఈ ఊరికీ అప్పుడు తెలుస్తుంది.

నీ మేలు కోరే,
చిన్నాయన


మాటుంగా, బొంబాయి
24 జూన్ 1977

చిన్నాయనా,

మీ ఉత్తరం వానకు తడిసి వచ్చింది. సిరా చాలాచోట్ల కరిగిపోయింది గానీ “కష్టజీవి” అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు.

మావాళ్లతో మాట్లాడాను. ఆగస్టు మూడో వారంలో వింటారు. ఒక నెమ్మది పాఠం, ఒక వేగం పాఠం సిద్ధం చేసుకుని రమ్మనండి. ఇల్లు వెతుక్కోనక్కరలేదు, నా గదిలోనే ఉండొచ్చు. ఇక్కడ వాన మొదలైంది. గోడలు చెమ్మగిల్లి వయోలా పెట్టెలో బూజు పడుతోంది. రిహార్సలుకు వెళ్లేటప్పుడు నేను తడిసినా దాన్ని తడవనివ్వను. ఈ అలవాటు మీరిచ్చిందే.

కొన్ని సంగతులు అడగాలి. ఆ అమ్మాయి ఏ వయోలా మీద వాయిస్తోంది? చేతులు చిన్నవా పెద్దవా? రోజుకు ఎంతసేపు సాధన చేస్తుంది? చెయ్యి నొప్పి అని ఎప్పుడైనా అంటుందా? నేను అనేదాన్ని, గుర్తుందా? మీరు కమానుతో మోచేతి మీద తట్టి, “నొప్పి లేకుండా నేర్చుకున్నోడు ఎవుడు?” అనేవారు. అయినా అంటూనే ఉండేదాన్ని. ఏడ్చి మూల కూర్చునేదాన్ని. చివరికి విసుగు పుట్టి, “పో, ఎల్లుండి రా” అనేవారు. ఆ రెండు రోజులూ మండీ మేడ మీద పడుకుని కొబ్బరి మిఠాయి తినేదాన్ని.

చిన్నమ్మను అడిగానని చెప్పండి.

కన్యక


చూలై
10 జూలై 1977

కన్యకా,

నీ ప్రశ్నలు చదివాను. వాటి వెనకున్న ప్రశ్న కూడా అర్థమైంది. అవును, అంజలైకు నా వయోలానే ఇచ్చాను. పోయిన వానాకాలం నుంచి అదే వాయిస్తోంది. నీకు ముట్టనివ్వలేదని నీ మనసులో ఉందని నాకు తెలుసు. అది పెద్ద వాద్యం, నీకు సరిపడదని ఇవ్వలేదు. ఈ పిల్లకు సరిపడుతుందని ఇచ్చాను. ఇందులో లెక్కలు చూడకు. అక్కలాంటిదానివి.

పోయిన ఆదివారం క్లాసు ఎలా జరిగిందో రాస్తాను, నీకే తెలుస్తుంది. వేగం పాఠం పైనుంచి కిందిదాకా మళ్లీ మళ్లీ వాయించింది. చివరికి నాకే జాలేసి అడిగాను.

“ఏమ్మా, చెయ్యి లాగుతా ఉండాదా?”

“లేదు సార్. నొప్పేం లేదు.”

పక్కనే గోపాలస్వామి ఉన్నాడు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ నేర్చుకుంటున్న కుర్రాడు, చేతులు రెండూ కర్రలే. వాడు వెంటనే, “నాకు లాగుతా ఉండాది సార్, భుజం పట్టేసింది” అని వయోలా పెట్టెలో పెట్టేశాడు. అందరూ నవ్వారు.

“ఆ పిల్లను చూసి నేర్చుకోరా” అన్నాను. “ఆ చేతికి నొప్పంటే ఏందో తెలీదు. సహజంగా వాయించడం అంటే అది.”

అంజలై తల వంచుకుంది. పొగిడితే అంత సిగ్గు దానికి.

చిన్నస్వామి రైలు పాసు తీసుకున్నాడు. మీ చిన్నమ్మ తన చీరల్లో మంచిది ఒకటి ఇచ్చి, అంచు కుట్టిస్తోంది. ఈ గదిలోంచి ఒక మనిషి బొంబాయి దాకా పోవడం నీ తర్వాత ఇదే. నువ్వు పోయినప్పుడు నేను స్టేషనుకు రాలేదు. ఈసారి వస్తాను.

చిన్నాయన


మాటుంగా
21 ఆగస్టు 1977

చిన్నాయనా,

అంజలైను తీసుకోలేదు. నిన్న విన్నారు. ఈ సాయంకాలం మద్రాసు బండి ఎక్కిస్తున్నాను, మా బృందంలో ఒకావిడ కుటుంబం తోడు వెళుతోంది.

చాలా బాగా వాయించింది. అది మీకు తెలియాలి. ఎందుకు తీసుకోలేదని నన్ను అడగకండి. వినేవాళ్లలో నేనూ ఒకదాన్ని, అంతవరకే చెప్పగలను.

ఒక్కటి మాత్రం వినండి. కనీసం దీపావళి దాకా ఆ అమ్మాయికి వయోలా ఇవ్వకండి. పాడించండి, విననివ్వండి, మీ పక్కన కూర్చోబెట్టుకుని స్వరాలు రాయించండి. ఎత్తుకుని వాయించనివ్వకండి. మీరు నాకు ఇంతవరకు ఏదీ ఇవ్వలేదని నేను అనను, కానీ ఏదీ అడగలేదు కూడా. ఇది అడుగుతున్నాను.

కన్యక


చూలై
30 ఆగస్టు 1977

కన్యకకు,

ఆశీర్వాదంతో మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు.

అంజలై వచ్చింది. స్టేషనులో దిగగానే నా కాళ్లకు దండం పెట్టింది. ఏం జరిగిందమ్మా అంటే, “అక్క శానా బాగా చూసుకొనింది సార్” అంటుంది, అంతకు మించి పెదవి విప్పదు. పెదవి విప్పినవాడు వరదరాజులు. అక్కడి మనుషులతో ట్రంకు కాల్ మాట్లాడి నాకు చెప్పాడు. మిగతా ముగ్గురూ సరే అన్నారట. వద్దన్నది నువ్వొక్కదానివేనట! సొంత చిన్నాయన పంపిన పిల్లను, నీ గదిలో పడుకోబెట్టి, నీ చేతి అన్నం పెట్టి, మర్నాడు పోయి వద్దన్నావు.

నేను స్తంభం చాటు మనిషిని. వద్దనిపించుకోవడం నాకు కొత్త కాదు. అది మన ఇంట్లోనుంచి వస్తుందని అనుకోలేదు. పైగా దాని చేతికి వయోలా ఇవ్వొద్దని ఉపదేశం. నీ చోటు నువ్వు కాపాడుకున్నావు, సరే. ఇక్కడ కూడా దాన్ని తల ఎత్తనివ్వవా?

ఓడిపోయి వచ్చిన పిల్లను మూల కూర్చోబెట్టడం నా పద్ధతి కాదు. ఓడినప్పుడే ఎక్కువ ఉత్సాహం ఇవ్వాలి. నవంబరులో ఒక పెద్ద సినిమాకు నేపథ్య సంగీతం రికార్డు చేస్తున్నారు. అందులో వయోలా ఒంటరిగా వాయించే భాగం ఉంది. అది నాకు ఇచ్చారు. నేను అంజలైకు ఇప్పించాను. పొద్దున్నే వచ్చి సాయంకాలం దాకా సాధన చేస్తోంది. “నువ్వు పుట్టిందే దీనికమ్మా, నీ ముందు బొంబాయి ఎంత” అని రోజూ చెబుతున్నాను. దాని ముఖంలో కళ తెప్పించడానికి ఎంత చెప్పినా చాలడం లేదు.

దామోదరం


మాటుంగా
8 సెప్టెంబరు 1977

చిన్నాయనా,

నన్ను ఏమన్నా అనండి. వద్దన్నది నేనే. చోటు కాపాడుకోవడానికి కాదు. ఖాళీ అయింది నా పక్క కుర్చీ, నా కుర్చీ కాదు.

ఎందుకన్నానో చెప్పనని ఆ అమ్మాయికి మాట ఇచ్చాను. ఆ మాటలో సగం ఇప్పుడు తప్పుతున్నాను. మీరు చూడటం లేదనుకున్నప్పుడు ఆమె ఎడమచెయ్యి చూడండి. బొటనవేలి మొదలు చూడండి. ఒక్క వారం పొగడకుండా ఉండండి. మీకు చేతనైతే, ఎవరూ లేనప్పుడు, మెల్లగా అడగండి. ఆ రికార్డింగు మాత్రం ఆపండి.

మీరు నన్ను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. మీ గదిలో నాకు పోగొట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అందుకే నొప్పి అనగలిగాను. నా చేతులు ఇంకా పనిచేస్తున్నాయి.

కన్యక


చూలై
17 సెప్టెంబరు 1977

కన్యకకు,

అడిగాను. దాచిపెట్టి అడగవలసిన అవసరం నాకు లేదు. ఆదివారం క్లాసులో అందరి ముందూ నీ ఉత్తరం పట్టుకునే అడిగాను.

“ఏమ్మా, నీ చెయ్యి నొస్తా ఉండాదని కన్యక రాసింది. నిజమా? నిజమైతే చెప్పు, ఈ రికార్డింగు ఇప్పుడే వద్దనేస్తా.”

తెల్లబోయింది పిల్ల. నావైపు కాదు, ఆ కాగితంవైపు చూసింది. తర్వాత, “లేదు సార్. అక్క ఎందుకట్లా రాసిందో నాకు తెలీదు” అంది. నేను అడగకుండానే వయోలా ఎత్తుకుని ఆ భాగమంతా వాయించి చూపించింది. గోపాలస్వామి కూడా కళ్లు తుడుచుకున్నాడు. అంత బాగా ఎప్పుడూ వాయించలేదు.

ఇక రాయొద్దు. మీ నాన్నకు నీ సంగతి ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా.

దామోదరం


చూలై
20 నవంబరు 1977

కన్యకా,

రాయొద్దని నేనే అన్నాను. నేనే రాస్తున్నాను.

రికార్డింగు పన్నెండో తేదీన జరిగింది. రెండు రిహార్సళ్లూ బాగా అయ్యాయి. కండక్టరు స్వయంగా వచ్చి అంజలై భుజం తట్టాడు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఎర్రదీపం వెలిగింది. తన భాగం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చింది. వేగంగా పైకి పోయే చోట ఎడమచేతిలో ఏదో టప్పుమంది. నాకు వినబడలేదు, పక్కవాళ్లకు వినబడిందట. వేళ్లు తీగల మీదే ఉన్నాయి, బొటనవేలు మాత్రం చచ్చిపోయినట్టు వేలాడింది. వయోలా జారిపోతుంటే మోకాళ్ల మధ్య పట్టుకుంది, కింద పడనివ్వలేదు. అరవలేదు. “సార్, వయోలాకు ఏం కాలేదు” అంది. అదే మొదట అన్న మాట.

పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు నాకేసి చూడకుండా మాట్లాడాడు. చాలా కాలంగా వాచి, నలిగి ఉన్న బొటనవేలి నరం తెగిందట. ఎన్నో నెలలు విపరీతంగా నొచ్చి ఉండాలట. కోసి కుట్టారు. పట్టు పూర్తిగా రాదన్నారు. ఇక వయోలా లేదు, ఫిడేలు లేదు. ఎడమచేత్తో మంచినీళ్ల గ్లాసు ఎత్తడానికి కూడా కొన్ని నెలలు పడుతుంది.

నీకు తెలుసు. ఆగస్టులోనే తెలుసు. తెలిసి సగం మాటలు రాశావు. ఎడమచెయ్యి చూడండి, వేలు చూడండి అని పొడుపుకథలు వేశావు. నా వయోలా, నీ చిన్నప్పటి నా కోపం, నా మెచ్చుకోలు, అన్నీ అందులో కలిపి రాశావు. పాత కక్ష అనుకోక ఏమనుకోమంటావు? నొస్తోంది, నా కళ్లతో చూశాను అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. లేదా బండెక్కి వచ్చి నా చొక్కా పట్టుకుని చెప్పి ఉంటే సరిపోయేది. ఒక్క మాట రాయకపోబట్టి ఆ పిల్ల చెయ్యి పోయింది.

నువ్వేం చూశావో ఇప్పుడైనా రాయి.

దామోదరం


మాటుంగా
1 డిసెంబరు 1977

చిన్నాయనా,

రాస్తాను.

వినే రోజుకు ముందటి మధ్యాహ్నం రిహార్సలు తొందరగా అయిపోయింది. గదికి వచ్చేసరికి నీళ్ల గదిలో అలికిడి. తలుపు వేసి లేదు. అంజలై నేల మీద కూర్చుని, అన్నం గిన్నెలో కాగిన నీళ్లు పోసుకుని ఎడమచెయ్యి ముంచుకుని ఉంది. నోట్లో తువ్వాలు కుక్కుకుంది.

“ఏమైంది?” అన్నాను.

“ఏం లేదక్కా, చుమ్మా, ఊరికే.”

చెయ్యి లాక్కుని చూశాను. బొటనవేలి మొదట నిమ్మకాయంత వాపు. ఎప్పటినుంచి అంటే, “సార్ వాళ్ల వయోలా ఇచ్చినప్పటినుంచీ” అంది. సార్‌కు చెప్పలేదా అన్నాను. అప్పుడు ఆమె అన్న మాటలు మరిచిపోదామనుకున్నాను, నావల్ల కాలేదు.

“సార్ నాకు నొప్పే తెలీదని అందరికీ చెప్పినారక్కా. సహజంగా వాయించేటోళ్లకు నొస్తుందా? నొస్తుందంటే నేను సహజం కాదని అయిపోతుంది గదా. గోపాలస్వామి నొస్తుందంటే నవ్వేస్తారు, ఇంటికి పంపిస్తారు. నేనంటే సార్ ముఖం ఎట్లా అయిపోతుందో! సార్‌కు చెప్పబాకక్కా. నా మీద ఒట్టు.”

మర్నాడు వాయించింది. ముగ్గురు సరేనని చేతులెత్తారు. ఇక్కడ పొద్దున రిహార్సలు, మధ్యాహ్నం రికార్డింగు. ఆ చేతితో దీపావళి దాకా కూడా నిలవదు. వద్దన్నాను. ఓడి వస్తే మీరు ఓదారుస్తారని, ఆ ఓదార్పులో చేతికి విశ్రాంతి దొరుకుతుందని అనుకున్నాను. ఓటమి చూసి మీరు ఇంకా ఎక్కువ పొగుడుతారని నాకు తోచలేదు.

సగమే రాశానన్నారు. ఆ సగాన్నే మీరు క్లాసులో అందరి ముందూ చదివారు. మొత్తం రాసి ఉంటే మొత్తం చదివి ఉండేవారు. అప్పుడు కూడా ఆమె లేదనే చెప్పేది, వయోలా ఎత్తుకుని వాయించే చూపించేది.

ఆసుపత్రి సంగతి తెలియగానే అంజలైకు రాశాను. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. మీకు చెప్పినందుకు ఆమె నన్ను క్షమించదు. చెప్పనందుకు మీరు క్షమించరు. నా సంగతి అలా ఉంచండి, నేను కష్టజీవిని.

ఆమె ఇంటికి వెళ్లారా? మీ ఉత్తరంలో డాక్టరు ఉన్నాడు, కండక్టరు ఉన్నాడు. ఆసుపత్రినుంచి వచ్చాక ఆమె ఎలా ఉందో ఒక్క వాక్యం లేదు.

కన్యక


చూలై
18 డిసెంబరు 1977

కన్యకా,

వెళ్లలేదు. నువ్వు అడిగాక నిన్న వెళ్లాను.

వ్యాసర్పాడి యార్డు దాటి, గోడ వెంబడి పోతే వాళ్ల క్వార్టర్సు. చిన్నస్వామి డ్యూటీ దిగి స్నానం చేసి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, బనీనుతో ఉన్నానని సిగ్గుపడి చొక్కా తగిలించుకుని, తువ్వాలుతో స్టూలు తుడిచాడు. నేను తిట్లకు సిద్ధపడి వెళ్లాను.

“వా సార్, వా, రండి. మీరే మా ఇంటికి రావల్నా? చెప్పి పంపిస్తే మేం రామా?” అన్నాడు. “మా పిల్లకు మీరు చేసినట్టు ఎవురు చేస్తారు సార్? పైసా తీసుకోకుండా నేర్పించినారు, మీ వాద్యమే చేతిలో పెట్టినారు. దాని తలరాత అట్లా ఉంటే మీరేం చేస్తారు? మీ మాదిరి మనిషి ఈ మద్రాసులో లేడు సార్. నేను అందరికీ చెప్తా ఉండాను.”

అతను పొగుడుతూనే ఉన్నాడు. నా తప్పుందని అందామని నోరు తెరిచాను. అతని ముఖం చూసి, అతను అందించిన గ్లాసు పుచ్చుకున్నాను. కాఫీ తాగుతూ కూర్చున్నాను.

అంజలై గడప అవతల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టు విప్పేశారు. చెయ్యి ఒళ్లో పెట్టుకుంది, అది తనది కానట్టు. జుట్టు పొట్టిగా కత్తిరించారు. జడ వేసుకోవడం కుదరక వాళ్లమ్మ కత్తిరించిందట. చిన్నస్వామి బీడీలకని బయటికి వెళ్లాడు. అప్పుడు అడిగాను. ఎవరూ లేరు. మెల్లగానే అడిగాను.

“ఇంకా నొస్తా ఉండాదా అమ్మా?”

 అవతల యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు.

“నొస్తా ఉండాది సార్” అంది. “వానొస్తే నొస్తుంది, పక్కకు తిరిగి పడుకుంటే నొస్తుంది. మీ వయోలా ఎత్తుకున్న నాటినుంచీ నొస్తానే ఉండాది. ఒక్కరోజు కూడా నొయ్యకుండా లేదు.”

 మేడమీది గదిలో ఇన్నాళ్లూ దాని నోటినుంచి అంత పొడుగు మాట నేను వినలేదు. అప్పుడు నా నోట్లోంచి ఏం వచ్చిందో నీకు కాకపోతే ఇంకెవరికి రాస్తాను?

“భేష్ అమ్మా!” అన్నాను. “ఎంత ధైర్యంగా చెప్పినావు!”

అంజలై నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. లేచి, నా చేతిలోని ఖాళీ గ్లాసు కుడిచేత్తో తీసుకుని లోపలికి పోయింది. చిన్నస్వామి వచ్చాక రెండుసార్లు పిలిచాడు. “సార్ పోతా ఉండారు, వచ్చి దండం పెట్టు” అన్నాడు. లోపల కుండ మూత తీసిన చప్పుడు, పెట్టిన చప్పుడు వినబడింది. మనిషి రాలేదు. నేనే పరవాలేదని చెప్పి చెప్పులు వేసుకున్నాను.

దామోదరం